బెంగళూరు కర్మశాలల రొద – కార్మికుల వినికిడి : ఒక చారిత్రక పరిశీలనము

బెంగళూరు నగరము పారిశ్రామిక కేంద్రముగా పెరిగిన విధమును గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. మిల్లుల మూలధనము, విద్యుచ్ఛక్తి, ప్రభుత్వరంగ సంస్థల స్థాపన, కార్మిక సంఘముల పోరాటములు మొదలగు విషయములను పండితులు శ్రద్ధతో పరిశీలించిరి. కాని ఆ యంత్రముల నడుమ ముప్పది, నలువది సంవత్సరములు నిలిచి పనిచేసిన వారి చెవులకు ఏమి సంభవించినదను ప్రశ్నకు ఆ చరిత్రలో లభించిన చోటు స్వల్పము. చేయి తెగినచో రక్తము కనబడును. ఊపిరితిత్తులు చెడినచో దగ్గు వినబడును. వినికిడి పోయినచో కంటికి కనబడు గుర్తు లేదు, నొప్పియు లేదు. పైగా లోకము అట్టివానిని చూచి జాలి పడుటకు మారుగా ‘చెవిటి మాలోకము’ అని నవ్వును. ఈ నష్టము ఎట్లు కలిగినదో, దానిని నివారించు జ్ఞానము ఎప్పుడు లభించినదో, లభించిన జ్ఞానము మగ్గము దగ్గరకు ఎందులకు చేరలేదో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

చెవికి కలుగు హాని

ముందుగా హాని స్వరూపమును తెలిసికొనవలెను. లోపలి చెవిలో కోక్లియా యను నత్తగుల్ల ఆకారపు అవయవము కలదు. అందు వరుసలు తీరియున్న సూక్ష్మమైన రోమకణములు ధ్వని కంపనములను నాడీ సంకేతములుగా మార్చును. ఇటలీ దేశస్థుడైన అల్ఫోన్సో కోర్తి 1851లో ఈ నిర్మాణమును వర్ణించెను. కోక్లియాలో ధ్వని తరంగము ప్రయాణించు రీతిని కనుగొన్నందులకు గేయోర్గ్ ఫాన్ బేకెషీకి 1961లో నోబెల్ బహుమానము లభించెను. ఒక్కొక్క చెవిలో రమారమి 15,000 మాత్రమే గల ఈ రోమకణములు మనుష్యునకు ఒకసారి నశించినచో తిరిగి పుట్టవు. కావుననే రొద వలన వచ్చిన చెవుడునకు చికిత్స లేదు. నివారణము మాత్రమే కలదు.

ఈ చెవుడు ఒక్కనాట వచ్చునది కాదు. తొలి దినములలో పని ముగిసిన పిదప చెవులు దిమ్మెక్కినట్లుండి, తెల్లవారునప్పటికి తేరుకొనును. దినదినము ఇట్లు జరుగగా తేరుకొనుట తగ్గిపోవును. సెకనుకు రమారమి 4,000 కంపనములు గల సన్నని ధ్వనుల దగ్గర లోపము మొదట ఏర్పడును. మాటల కవసరమైన క్రింది స్థాయిలకు అది ప్రాకునంతవరకు కార్మికునకు తన నష్టము తెలియనే తెలియదు. ఇంతలో చెవిలో జోరీగ దూరినట్లు ఎడతెగని రొద కొందరిని బాధించును.

మన భాషలో ఈ నష్టము ఏ రూపమున కానవచ్చునో గమనింపదగినది. అచ్చులలో బలము క్రింది స్థాయిలలో ఉండును; స, శ, చ, త, క, ప మొదలగు పరుషముల, ఊష్మముల గుర్తులు అధికముగా పై స్థాయిలలో ఉండును. చాలు, సాలు, తాలు, కాలు, పాలు అను మాటలకు భేదము మొదటి హల్లుననే కలదు. రొదవలన వినికిడి చెడినవానికి ‘ఆలు’ అను భాగము చక్కగా వినబడి, తక్కినది ఊహకు విడువబడును. అందుచేత అతడు ‘‘వినబడుచున్నది గాని తెలియుటలేదు’’ అనును. ఎదుటివాడు గొంతు పెంచినచో అచ్చులు మాత్రమే పెద్దవగును; హల్లులు స్పష్టము కావు. ఇంటిలో చిరాకులకును, అపార్థములకును ఇదియే మూలము. పసిపిల్లల సన్నని గొంతులు మొట్టమొదట దూరమగుట ఈ వ్యాధి లక్షణములలో మిక్కిలి విచారకరమైనది.

ఇతర దేశములలో తొలి పరిశీలనలు

వృత్తివలన చెవుడు వచ్చుననుట క్రొత్త సంగతి కాదు. కార్మికుల వ్యాధులను గూర్చి బెర్నార్దినో రమజ్జీని రచించి 1700లో ప్రకటించి, 1713లో పెంచి వెలువరించిన గ్రంథమున, వెనిస్ నగరమునందలి రాగిపనివారు నిరంతరము సుత్తి దెబ్బల నడుమ నుండుటచే చెవిటివారగుదురని వ్రాసెను. 1886లో గ్లాస్గో నగర వైద్యుడు టామస్ బార్ ఈ విషయమును లెక్కలలోనికి తెచ్చెను. ఆవిరి బాయిలర్లు చేయువారు నూరుగురిని, పోతపని వారిని, ఉత్తరములు పంచువారిని పరీక్షించి పోల్చెను. అతని పరికరము జేబు గడియారపు చప్పుడు మాత్రమే. ఐనను ఫలితము నిస్సందేహముగా తేలినది. బాయిలర్ పనివారిలో ఒక్కని వినికిడియు నిర్దోషముగా లేకుండెను.

నేతకు సంబంధించినంతలో ముఖ్యమైనది స్కాట్లండునందలి డండీ నగరపు జనపనార మిల్లులలో జరిగి 1965లో ప్రకటింపబడిన పరిశోధనము. టేలర్, పియర్సన్, మెయిర్, బర్న్స్ అను వారు అందలి స్త్రీలను పరీక్షించిరి. నాడె మగ్గముల శాలలో ధ్వని నూరు డెసిబెల్‌ల సమీపమున నుండెను. 4,000 కంపనముల దగ్గరి నష్టములో అధికభాగము తొలి పది, పదునైదు సంవత్సరములలోనే జరుగుననియు, మాటల స్థాయిల నష్టము ఇరువది సంవత్సరములు దాటిన పిదప ప్రబలుననియు వారు తేల్చిరి. అనగా నేతగత్తె తన చెవుడును గుర్తించునప్పటికి కాలము మించిపోయి యుండును.

పేట మగ్గముల నుండి మరమగ్గముల వరకు

ఇక బెంగళూరు సంగతి. 1800లో ఈ నగరమును సందర్శించిన ఫ్రాన్సిస్ బుకానన్ ఇచ్చటి నేతవారిలో ఖత్రీలను, పట్టెగారులను, దేవాంగులను, తొగటవారిని పేర్కొనెను. వీరిలో తొగటవారి మాతృభాష తెలుగు. పద్మశాలీలును తెలుగువారే. కబ్బన్‌పేట, నగరత్‌పేట మొదలగు పాతపేట వీథులలో వీరి మగ్గముల చప్పుడు తరతరములుగా వినవచ్చినది. గుంటమగ్గముపై చేతితో నాడెను త్రోయునప్పుడు పుట్టు చప్పుడునకు నేతగాని చేయియే కొలత. అతడు అలసినచో చప్పుడును ఆగును. పడుగు తెగినచో నిలుచును. ఆ ధ్వనిలో ఇంటివారితో మాటలాడ వచ్చును, పాట పాడుకొన వచ్చును.

ఈ స్థితి రెండు మార్గములలో మారినది. మొదటిది మిల్లు. 1884లో బెంగళూరు ఉన్ని, నూలు, పట్టు మిల్లు స్థాపితమయ్యెను. రెండు సంవత్సరములకే అది బిన్నీ కంపెనీ యాజమాన్యమునకు వచ్చి బిన్నీ మిల్లుగా ప్రసిద్ధి కెక్కెను. రెండవది విద్యుచ్ఛక్తి. శివనసముద్రము జలపాతము నుండి 1902లో కోలారు బంగారు గనులకు పోయిన విద్యుత్తు 1905లో బెంగళూరు వీథులకు వచ్చెను. అటుపిమ్మట ఆ శక్తి ఇండ్లలోని మగ్గములకును క్రమముగా చేరినది. మరమగ్గమున నాడెను కొట్టునది చేయి కాదు, యంత్రపు కొయ్య. నాడె ప్రతి పర్యాయము పెట్టెలో తాకి ఆగుటయే రొదకు ప్రధాన కారణము. ఒక గదిలో నాలుగు మరమగ్గములు నడచుచుండగా పక్కనున్నవాని చెవిలో అరచిననే గాని మాట అందదు. మిల్లు కార్మికుడు పని ముగిసిన పిదప గేటు దాటి పోగలడు. ఇంటి మరమగ్గము నడుపు కుటుంబమునకు అట్టి గేటు లేదు. వంట చేయు స్త్రీయు, చదువుకొను పిల్లవాడును, ఉయ్యాలలోని శిశువును అదే రొదలో నుందురు. బెంగళూరు చెంతనున్న దొడ్డబళ్ళాపురమునందును ఇదే పరిస్థితి నెలకొన్నది.

ధూళికి లభించిన శ్రద్ధ ధ్వనికి లభింపలేదు

వృత్తి వ్యాధుల విషయమున ఈ ప్రాంతము వెనుకబడినదని చెప్పరాదు. తెలుగువారును, తమిళులును పెద్దసంఖ్యలో పనిచేసిన కోలారు బంగారు గనులలో 1947లో కాప్లన్, బర్డెన్ అనువారు 7,653 మంది కార్మికులను పరిశీలించి, నూటికి 43.7 మందికి సిలికోసిస్ కలదని తేల్చిరి. భారతదేశ వృత్తివైద్య చరిత్రలో ఇది మైలురాయి. కాని ఆ ధూళిని లేపిన రాతి డ్రిల్లే చెవులను చెరచు రొదను కూడ పుట్టించినది. ఒకే యంత్రము రెండు హానులను కలిగింపగా ఒక్కదానికే ప్రసిద్ధి వచ్చెను. కారణము స్పష్టమే: సిలికోసిస్ ప్రాణము తీయును, చెవుడు తీయదు. గనులలో ధ్వనిని గూర్చి గనుల భద్రతా శాఖ ప్రకటన 1975లో గాని వెలువడలేదు. అందు 85 డెసిబెల్‌లు హెచ్చరిక స్థాయిగను, 90 ప్రమాద స్థాయిగను నిర్ణయింపబడెను. ఆ గనులు 2001లో మూతపడినవి.

ధ్వనిశాస్త్రమునకు కూడ ఈ దేశమున కొరత లేకుండెను. చంద్రశేఖర వేంకట రామన్ మృదంగము, తబలా మొదలగు చర్మవాద్యముల నాదము సుస్వరముగా నుండుటకు కారణమును 1920 నాటికే వివరించెను; 1933లో భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా బెంగళూరు వచ్చి జీవితశేషమును ఇచ్చటనే గడపెను. అదే సంస్థలోని ఎలక్ట్రికల్ కమ్యూనికేషన్ శాఖలో, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడైన ఆచార్య బి. ఎస్. రామకృష్ణ ధ్వనిశాస్త్ర పరిశోధనమునకు పునాది వేసెను. సంగీతము యొక్క నాదము, వాక్కు యొక్క తీరు ఇట్లు విద్వాంసుల దృష్టి నాకర్షించినవి. మగ్గపు రొద ఆ గౌరవమును పొందుటకు చాలకాలము పట్టినది.

విమానములు, యంత్రములు

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు సహకారముతో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను బెంగళూరున స్థాపించెను. స్వాతంత్ర్యానంతరము భారత టెలిఫోన్ పరిశ్రమ 1948లోను, హిందూస్థాన్ మెషీన్ టూల్స్ 1953లోను, భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లోను ఏర్పడినవి. విమానపు రేకులకు రివెట్లు కొట్టు గాలి సుత్తులు, జెట్ ఇంజనులను నడిపి చూచు పరీక్షాశాలలు మగ్గమును మించిన ధ్వనులను నగరమునకు తెచ్చెను. ఐతే ఇచ్చట ఒక భేదము కలదు. పైలట్ చెవి చెడినచో విమానమునకే ముప్పు. కావున ఆ చెవి విలువ ఆదినుండియు గుర్తింపబడెను. 1957లో భారత వైమానిక దళము బెంగళూరులో విమాన వైద్య శిక్షణాలయమును స్థాపించెను. ధ్వనివలన వినికిడికి కలుగు హాని విమాన వైద్యము పరిశీలించు ముఖ్య విషయములలో నొకటి. 1965లో మైసూరున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది. 1977లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ తన దక్షిణ ప్రాంతీయ కేంద్రమును బెంగళూరులో నెలకొల్పినది.

అనగా 1970వ దశకము ముగియునప్పటికి వినికిడిని కొలుచువారు, ధ్వనిని కొలుచువారు, వృత్తి వ్యాధులను విచారించువారు కబ్బన్‌పేటకు కొలది మైళ్ళ దూరములోనే ఉండిరి. జ్ఞానము లేమి కాదు, జ్ఞానమునకును మగ్గమునకును నడుమ దారి లేమియే లోపమని గ్రహింపవలెను.

చట్టము ఏమి చెప్పినది

ఫ్యాక్టరీల చట్టము 1948లో వచ్చినది. రొదవలన కలుగు వినికిడి నష్టము తరువాతి కాలమున ఆ చట్టపు మూడవ అనుబంధములో, తప్పక ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చబడినది. ఆ చట్టము క్రింది నమూనా నియమములు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్‌లను పరిమితిగా నిర్ణయించినవి. 95కు నాలుగు గంటలు, 100కు రెండు గంటలు, 105కు ఒక గంట, 115కు పావుగంట మాత్రమే అనుమతి. పనిలో చేరిన 14 దినములలోపలను, ఆ పిదప 12 మాసముల కొకసారియు వినికిడిని పరీక్షింపవలెను. మొదట యంత్రమునందే రొదను తగ్గించు ప్రయత్నము చేయవలెననియు, అది చాలనిచో చెవి రక్షకముల నీయవలెననియు ఆ నియమముల తాత్పర్యము. 1923 నాటి పరిహార చట్టమును కూడ సవరించి, రొదవలన వచ్చిన చెవుడును వృత్తి వ్యాధిగా అంగీకరించిరి.

వ్రాతలో ఇది చక్కని వ్యవస్థయే. ఆచరణలో మూడు లోపములు కానవచ్చును.

మొదటిది కొలతకు సంబంధించినది. డెసిబెల్ సామాన్యమైన సంఖ్య కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగినచో చెవిపై పడు శక్తి రెండింతలగును. పది పెరిగినచో పదింతలగును. మన నియమము ఐదు డెసిబెల్‌లకు గాని కాలమును సగము చేయదు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1998లో చేసిన సిఫారసు 85 డెసిబెల్‌లకు ఎనిమిది గంటలని ఆరంభించి, మూడేసి డెసిబెల్‌లకు కాలమును సగము చేయును. ఆ లెక్కచొప్పున నూరు డెసిబెల్‌ల మగ్గము దగ్గర 15 నిమిషములకు మించి నిలువరాదు. మన నియమమున అది రెండు గంటలు. నేతగాడు నిలుచునది ఎనిమిది గంటలు, తరచుగా అంతకంటె అధికము.

రెండవది గడపకు సంబంధించినది. 1948 చట్టము విద్యుచ్ఛక్తితో పనిచేయుచోట పదిమంది, లేనిచోట ఇరువదిమంది కార్మికులున్ననే గాని సామాన్యముగా వర్తింపలేదు. పేట ఇండ్లలోని నాలుగు మగ్గములు, పీణ్యా పారిశ్రామిక వాడలో ముగ్గురు నలుగురు నడుపు ప్రెస్సులు ఆ గడపకు వెలుపలనే ఉండెను. పార్లమెంటు 2020లో ఆమోదింపగా 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల సంహిత ఆ సంఖ్యలను ఇరువదికిని, నలువదికిని పెంచినది. వినికిడి నష్టము క్రొత్త సంహితలోని వ్యాధుల పట్టికలోను కలదు. పట్టికలో పేరు నిలిచినది. గడప మాత్రము ఇంకను ఎత్తయినది. చిన్న శాలలోని రోమకణములు పెద్ద శాలలోని వానికంటె గట్టివి కావు గదా!

మూడవది నిరూపణకు సంబంధించినది. పరిహారము పొందగోరువాడు తన చెవుడు వయస్సువలన గాక పనివలన వచ్చినదని చూపవలసియుండును. పనిలో చేరిననాటి పరీక్షాపత్రము లేనిచో ఇది దుస్సాధ్యము. ఆ పత్రమును భద్రపరచవలసినవాడు యజమాని. అది లేనందువలన నష్టపడువాడు కార్మికుడు.

మినర్వా మిల్లు పేరు

ఇచ్చట ఒక సంగతి జ్ఞప్తికి వచ్చును. 1980లో సుప్రీం కోర్టు తీర్పు వెలువరించిన మినర్వా మిల్లు వ్యాజ్యము రాజ్యాంగము చదువు ప్రతి విద్యార్థికిని పరిచితము. ఆ మిల్లు బెంగళూరులోనిదే. ప్రాథమిక హక్కులకును, ఆదేశ సూత్రములకును నడుమ సమతౌల్యము రాజ్యాంగపు మూల స్వరూపములో భాగమని ఆ తీర్పు ఉద్ఘాటించెను. ఆ ఆదేశ సూత్రములలోనిదే 39వ అధికరణము. కార్మికుల ఆరోగ్యము, బలము దుర్వినియోగము కారాదని అది శాసించును. న్యాయమైన, మానవోచితమైన పని పరిస్థితులు కల్పింపవలెనని 42వ అధికరణము చెప్పును. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల వ్యాజ్యమున అదే న్యాయస్థానము కార్మికుని ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని నిర్ణయించినది. మినర్వా మిల్లు పేరు న్యాయశాస్త్రమున శాశ్వతమైనది. అందు మగ్గములు నడిపినవారి వినికిడి ఏమైనదో చెప్పు గ్రంథము మాత్రము మనకు కావలసియే యున్నది.

నివారణ క్రమము

నివారణమునకు ఒక క్రమము కలదు. రొద పుట్టుచోటనే దానిని తగ్గించుట ఉత్తమము. పుట్టిన రొద వ్యాపించు దారిని అడ్డుట మధ్యమము. చెవిని మూయుట చివరిది. బాయిలర్ల తయారీలో రివెట్టుకు బదులు వెల్డింగు వచ్చుటచే బార్ వర్ణించిన చెవుడు ఏ చెవి రక్షకము తగ్గింపలేనంతగా తగ్గినది. నేతలో కూడ నాడె లేని మగ్గములు వచ్చి, పాత దెబ్బల చప్పుడును తొలగించినవి. ఐనను అవి నిశ్శబ్దములు కావు. పాత మగ్గమునకు కూడ అరిగిన భాగములను మార్చుట, క్రింద రబ్బరు దిండ్లు వేయుట, గోడలకును కప్పునకును ధ్వనిని పీల్చు పదార్థములను అమర్చుట, పనివారిని వంతులవారీగా మార్చుట సాధ్యములే.

మొదటి మార్గము మన దేశమున అసాధ్యమనుటకు వీలులేదు. డీజిల్ జనరేటర్ల చరిత్రయే దీనికి నిదర్శనము. విద్యుత్తు కోతల కాలమున వాని రొద నివాసములకు దుస్సహము కాగా, కేంద్ర పర్యావరణ శాఖ 2002లో నియమము చేసి, 1,000 కిలోవోల్ట్ ఆంపియర్ల వరకు గల క్రొత్త జనరేటరు పెట్టెనుండి ఒక మీటరు దూరమున ధ్వని 75 డెసిబెల్‌లు మించరాదని తయారీదారునే బాధ్యుని చేసినది. భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య ఎం. ఎల్. ముంజాల్ ధ్వని నిరోధకములపై జరిపిన పరిశోధనములు, 1987లో వెలువడిన ఆయన గ్రంథము ఇట్టి కార్యములకు శాస్త్రాధారమును సమకూర్చినవి. ఇరుగుపొరుగువారి నిద్ర చెడినప్పుడు చట్టము యంత్రము దగ్గరకు పోయినది. కార్మికుని చెవి చెడినప్పుడు అతని చేతిలో రెండు చెవిబిరడాలు పెట్టి ఊరకున్నది. ఈ రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన సమాజము ఎవరి చెవులను లెక్కించుచున్నదో విశదమగును.

చెవిబిరడాలు నిష్ప్రయోజనములని దీని అర్థము కాదు. సరిగా ధరించినచో అవి రక్షించును. కాని ఉక్కలో, చెమటలో ఎనిమిది గంటలు వానిని ధరించుట కష్టము. యంత్రపు ధ్వనిలో తేడాను బట్టి దారము తెగినదనియు, ఇరుసు వేడెక్కినదనియు గుర్తించుటకు అలవాటుపడిన పనివాడు చెవిని మూసికొనుటకు జంకును. కొద్దిసేపు తీసిననను రక్షణలో అధికభాగము పోవును. ఈ సంగతులను తెలియక ‘‘ఇచ్చితిమి, వారు పెట్టుకొనలేదు’’ అనుట న్యాయము కాదు.

ముగింపు

బిన్నీ మిల్లు యంత్రములు ఆగిపోయినవి. ఐనను నగరపు రొద ఆగలేదు. పీణ్యా ప్రెస్సులలోను, కట్టడముల డ్రిల్లుల దగ్గరను, పేటలో మిగిలిన మరమగ్గములలోను అది కొనసాగుచున్నది. రాయలసీమ జిల్లాల నుండి కూలికి వచ్చిన తెలుగువారు ఆ డ్రిల్లులను పట్టుకొనియున్నారు. వారికి తొలి పది సంవత్సరములలోనే నష్టములో అధికభాగము జరిగిపోవునని డండీ పరిశోధనము మనకు తెలిపినది. కావున ఆలస్యమునకు అవకాశము లేదు.

చేయవలసిన పనులు మూడు కలవు. చిన్న శాలలకు కూడ వర్తించునట్లు వినికిడి పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రముల ద్వారా కల్పింపవలెను. పరీక్షాపత్రము కార్మికుని చేతిలోనే ఉండవలెను. పరిమితిని 85 డెసిబెల్‌లకు దించి, మూడు డెసిబెల్‌ల లెక్కను అంగీకరింపవలెను. మూడవది చరిత్రకారులకు సంబంధించినది. పాత మిల్లులలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు నేడు వృద్ధులు. వారి అనుభవములను వారి మాటలలో వ్రాసికొనుట తెలుగు సంఘములు చేయదగిన పని. ప్రశ్నను గట్టిగా అరచి అడుగుట కాక, ఎదురుగా కూర్చుండి, వెలుతురు ముఖముపై పడునట్లు చూచుకొని, నెమ్మదిగా అడుగవలెను. వారు పెదవులను చూచి మాట గ్రహించు విద్యను ఏ పాఠశాలయు నేర్పకయే మగ్గముల నడుమ నేర్చుకొన్నవారు.